ముందు అంకె

నాలుగింటికి పలమనేరులో డిసెంబరు
మన ఊపిరిని మనకే చూపిస్తుంది.
పాలబండి బానెట్ మీది మంచు తుడిస్తే
అరచెయ్యి మొద్దుబారింది.
తాళం తిప్పాను.
డాష్‌బోర్డులో నూనెబుడ్డి బొమ్మ ఎర్రగా వెలిగింది.
ఇంజను ఒకసారి దగ్గి, రెండోసారి అందుకుని,
రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టు
గలగలమంది.
పదకొండేళ్ళుగా వింటున్న చప్పుడే.
అదేమిటో తెలిసింది మాత్రం మొన్న శ్రావణంలో.

గంగవరం రోడ్డులో, చింతపండు మండీ పక్కన
ప్యారేజాన్ షెడ్డు.
బండి కడుపు విప్పి, క్రాంకు కింది బేరింగు చిప్పలు రెండు తీసి
నా చేతిలో పెట్టాడు.
అంతా బూడిదరంగులో ఉండాలట.
నడిమధ్యన రాగి తేలింది.
"ఎర్రగా ఉండాది చూడు, అదంతా నీ తెల్లారుజామే."

నేను ఘాటును తిట్టుకున్నాను.
చిత్తూరులో పాలు దించి
దాణా మూటలతో తిరిగొచ్చేటప్పుడు
మొగిలి ఎక్కుడు, రెండో గేరు, మిట్టమధ్యాహ్నం.

"ఘాటు కాదప్పా.
ఆడ నూనె వేడిగా ఉంటాది, సందుసందుకూ దూరతాది.
ఇనుముకూ ఇనుముకూ నడాన ఒగ పొర ఉన్నంతసేపు
అవి మొగం మొగం చూసుకోవు.
రాత్రంతా బండి నిలబడితే నూనె యాడుంటాది?
అడుగుకు దిగి పడుకోనుంటాది.
నువ్వు తాళం తిప్పితే అది లేచి పైకి రావల్ల.
చలికి సంగటి మాదిరి అయిపోయుండాది.
సంగటి పారతాదా?
అది వచ్చేలోపల ఇనుమే ఇనుమును తింటాది."

సంగటంత కాదులే, చల్లారిన అంబలంత.
ఐనా మాట గుచ్చుకుంది.

మాది పాల వ్యాపారం.
చిక్కదనానికే మా దగ్గర రూపాయి.
లాక్టోమీటరు ఎంత తేలితే అంత రేటు.
ఓనరు గోవర్ధన నాయుడు నూనె కూడా అలాగే కొన్నాడు,
వేలికి రాసుకుని, జిగురు చూసి,
"ఇదీ బలం" అని.
నేనూ తలూపాను.
పైగా వేడెక్కుతుందని, నిద్రలేచిన బండిని
అక్కడే గర్రుమని రేజు చేసేవాణ్ణి.
ఆకలిమీదున్నవాణ్ణి పరిగెత్తమన్నట్టు.

ప్యారేజాన్ డబ్బా తిప్పి చూపించాడు.
పదిహేను, పక్కన డబ్ల్యూ, తర్వాత నలభై.
"రెండంకెలుండాయి కదా.
వెనకది మిట్టమధ్యాహ్నానికి. అందురూ దాన్నే చూస్తారు.
ముందుది తెల్లారుజాముకు.
అది ఎంత చిన్నదైతే నూనె అంత బిరీన లేస్తాది."
పదకొండేళ్ళు డబ్బాలు మోశాను,
ముందు అంకెను ఎప్పుడూ చదవలేదు.

ఎర్రదీపం మూడు లెక్కపెట్టేలోగా ఆరిపోతుంది.
దాన్ని నమ్మొద్దన్నాడు.
పంపు దగ్గర ఒత్తిడి వచ్చిందని దానికి తెలుసు,
పైమూలకు తడి చేరిందో లేదో తెలియదు.
అట్లని పావుగంట నిలబెట్టి డీజిలు తగలెయ్యొద్దన్నాడు.
రవంత ఆగి, మెల్లగా పోనిమ్మన్నాడు.

అంకెలు నాకు విసుగు.
అందుకని పాలు పోసేవాళ్ళ పేర్లు లెక్కపెడతాను.
గెంగులమ్మ, దిల్షాద్, గుర్రప్ప, రామక్క,
ఆవు ఈనిందని నెల రోజులుగా రాని సుబ్బన్న,
అప్పు రాయించుకున్న ఆదెమ్మ.
ముప్పయ్యారు మంది అయ్యేసరికి
గలగల ఎప్పుడో సద్దుమణిగి ఉంటుంది.

ఆ బేరింగు చిప్పను డాష్‌బోర్డు మీద పెట్టుకున్నాను.
నాయుడు చూసి, "ఏందిరా ఇది, దేవుడా?"
"కాదన్నా, బాకీ."
ఆయన నవ్వలేదు.
నూనె మాత్రం మార్చాడు.

మొదటి స్టాపులో చిలకమ్మ అరుస్తుంది.
"ఈమధ్య నత్తమాదిరి వస్తాండావే,
పాలు పగిలిపోవల్లనా?"
అరుస్తూనే ఉంటుంది, లేవదు.
మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందన్నాడట డాక్టరు.
రెండు చేతులతో చిప్పల్ని రుద్దుకుని,
గుంజ పట్టుకుని, కొంచెం లేచి, ఆగి,
మళ్ళీ లేస్తుంది.
ఇదివరకు ఇక్కడే హారన్ కొట్టేవాణ్ణి.

క్యాను తనే తెస్తుంది, నన్ను ముట్టనివ్వదు.
నేను తలుపు తీసి నిలబడతాను.
వెనక బండి గుర్రుగుర్రుమంటూ ఉంటుంది.
ఆపను.